కటింగ్ షాపులో అఫ్ఘానిస్తాన్

ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మా చుట్టుపక్కల ఎకరం ఉన్న ప్రతివాడూ ప్రపంచ రాజకీయాలు మాట్లాడే స్థాయికి ఎదిగాడు. ఎకరం లేని నేను అంతకు ముందు నుంచే మాట్లాడుతున్నాను. ఇబ్రహీంపట్నంలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. మాది మాత్రం కృష్ణా జిల్లా. ఊరు దాటితే చాలు, మాకు ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం పుట్టుకొస్తుంది.

మా యుద్ధ మండలి ఆదివారం పొద్దున బస్టాండు దగ్గర కటింగ్ షాపులో కూడేది. షాపుకొచ్చేది ఒకటే పేపరు. దాన్ని షీట్లుగా విడదీసి తలా ఒకటి పంచుకునేవాళ్ళం. విదేశాల వార్తలున్న షీటు ఎవరికి దక్కితే ఆ వారం వాళ్ళే సేనాధిపతి. సినిమా పేజీ దక్కినవాడు నోరు మూసుకోవాలి.

షాపతని తమ్ముడు అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా సైనికుల క్యాంపులో వంటమనిషి. దుబాయ్ అని చెప్పి ఏజెంటు అక్కడ దింపాడు. పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్నవాళ్ళ దగ్గరే ఉండిపోయింది. రెండేళ్ళయింది, ఇంటికి రాలేదు. ఇది మాకందరికీ తెలుసు. తెలిసే, ఆ అన్న ఎదురుగానే, సైన్యం ఉండాలా పోవాలా అని బల్లలు చరిచేవాళ్ళం. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ బాధ అతనిది, సోకు మాది.

ఆ ఆదివారం షీటు నాకు దక్కింది. అమెరికా సైన్యం ఇంటిదారి పడుతోందని పెద్ద వార్త. ముఖాన నురగతోనే గట్టిగా చదివి, "ఎవరి దేశం వాళ్ళు చూసుకుంటారండీ. పరాయివాడికి అక్కడేం పని?" అన్నాను.

పక్కన ఒక ఆసామి కూర్చున్నాడు. బొంగులూరు దగ్గర సొంత పొలాన్ని ప్లాట్లుగా కోసి అమ్ముతున్నాడు. ఆయన ఒప్పుకోలేదు.

"ఏం మాట్లాడుతున్నరు సార్? ప్లాటు కొని ప్రహరీ కట్టకుంట పోతె ఏమైతది? తెల్లారేసరికి ఇంకోడు హద్దుకు రాతి కడీలు పాతుతడు. వీళ్ళిట్ల పోంగనే తిరుగుబాటోళ్ళు గట్ల దిగుతరు."

"ముందు ఆ ప్లాటు వాళ్ళది కాదు కదండీ."

"కబ్జాల ఎవలుంటె వాళ్ళదే సార్. నేను సూస్తలేనా?"

దీని మీద అరగంట పోరు. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా షాపతను నా గడ్డం మీద కత్తితో ఒక గీత గీసేవాడు. కత్తికంటిన నురగ తుడవడానికి బల్ల మీది పేపరు ముక్క చింపేవాడు. ఎప్పుడూ పాత పేపరే చింపుతాడు. ఆ రోజు చేతికందింది అప్పుడే వచ్చిన పేపరని అతనూ చూసుకోలేదు, మేమూ చూడలేదు.

మా మాటల్లోకి ఎన్నడూ రాని షాపతను అప్పుడు అడిగాడు.

"సార్, గాళ్ళు పోతె వంటోళ్ళను గూడ తోల్కపోతరా? జర సూడుండ్రి."

వార్త చివరికి వెళ్ళాను. మిగతా తొమ్మిదో పేజీలో అని ఉంది. తొమ్మిదో పేజీ ముక్కలై, నా గడ్డంతో సహా కుర్చీ పక్క డబ్బాలో ఉంది. మొదట నాకు నవ్వొచ్చింది. అతని ముఖం చూశాక ఆగిపోయింది.

ఆసామి తెల్లచొక్కా చేతులు మడిచి డబ్బాలో చెయ్యి పెట్టాడు. ముగ్గురం అద్దం ముందు ఆ తడి ముక్కలు తుడిచి వరసగా పరిచాం. ఏ లారీలు వెళ్తాయో, ఏ హెలికాప్టర్లు వెళ్తాయో, తుపాకులు ఏ దారిన వెళ్తాయో అన్నీ రాశారు. బాంబుల వాసన పట్టే కుక్కలకు విమానం సిద్ధం చేశారట. వంటవాళ్ళ మాట లేదు. రెండుసార్లు చదివి "లేదు" అన్నాను.

"కుక్కలున్నయి గద సార్," అన్నాడు షాపతను. "ఇంకోసారి సూడుండ్రి."

మూడోసారి కూడబలుక్కుని చదివాను.  ఆసామి, నురగ కింద ఇంకో మాటేమైనా అంటుకుందేమోనని ఒక్కో ముక్కా గోటితో గీకి చూస్తున్నాడు.