కుడికే పోయే బంతి

డోన్‌లో నా స్కూటీ రిపేరుకిచ్చి మెకానిక్ షెడ్డు ముందు నిలబడినప్పుడల్లా, కాలిన ఇంజన్ ఆయిలు వాసనకు పక్కవాళ్ళు ముక్కులకు కొంగులూ కర్చీఫులూ అడ్డం పెట్టుకుంటారు, నేను మాత్రం ఇంకాస్త దగ్గరికి జరుగుతాను. అది నాకు గోల్ఫు వాసన. ఈ మాట పైకంటే నవ్వుతారని అనను. గోల్ఫంటే వాళ్ళకు టీవీలో కనిపించే పచ్చిక, తెల్ల చొక్కాలు, చల్లటి చెట్లనీడ. మా సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో తాగే నీళ్ళే ట్యాంకరులో వచ్చేవి, ఇంక పచ్చిక ఎక్కడిది? ఎర్రనేలను చదును చేసి, రాళ్ళు ఏరి, బంతి పడాల్సిన గుంటల చుట్టూ ఇసుకలో పాత ఇంజన్ ఆయిలు కలిపి పరిచేవాళ్ళు, గాలికి లేచిపోకుండా. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ ఇసుక కాగితే, కాలనీ కాలనీ అంతా లారీ కింద పడుకున్నట్టు ఉండేది.

ఆ మైదానం వేయించింది ఫ్యాక్టరీ మేనేజరు. సైన్యంలో చేసి వచ్చిన కడప మనిషి, అందరికీ మేజరు సారు. ఆఫీసర్లలో ఆటకు తోడు దొరక్క, స్టోర్సులో పనిచేసే మా నాయనను, క్రషరు మెకానిక్కు ఖాసీం సాబును పిలిచి చేతికి కర్రలిచ్చాడు. మా నాయన పేరు దేవదానం. పత్తికొండ వైపు ఊళ్ళో మాకు కాస్త మెట్టచేను, చిన్న చర్చి, ఆ చర్చి వెనకే మా తాత సమాధి ఉండేవి. వానలు ముఖం చాటేస్తే చేను వదిలి ఫ్యాక్టరీలో చేరినవాడు నాయన. అంతకుముందు ఆయన ఆడిన ఆటంటే చిల్లాకట్టె ఒక్కటే. చిన్న కర్రను పెద్ద కర్రతో ఎగరగొట్టే ఆ ఆటలో ఊళ్ళో ఆయన్ను మించినవాడు లేడట. ఆ ధైర్యంతోనే గోల్ఫుకు ఒప్పుకున్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అమ్మ చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని, నాయన ఇస్త్రీ చొక్కా విప్పకుండానే బయల్దేరేవాడు. వెనక నేను, కాలనీ పిల్లలు. మేం కంపచెట్ల కింద కూర్చుని, పావడా మడతల్లో, నిక్కరు జేబుల్లో తెచ్చుకున్న చెనిక్కాయలు ఒలుచుకుంటూ, ఎవరి బంతి ఎటు పోతుందోనని పందేలు కాసేవాళ్ళం. నాయన వంతు వస్తే మాత్రం పందెం ఉండేది కాదు. ఎటు పోతుందో అందరికీ తెలుసు.

డ్రైవరంటే బంతిని అన్నిటికంటే దూరం కొట్టే పొడుగాటి కర్ర. ఆ రోజుల్లో దాని తల చెక్కదే. నాయన దాంతో కొట్టిన బంతి మొదట తిన్నగా లేచి, మా అందరికీ ఆశ పుట్టించి, నడిమధ్యలో ఏదో మరిచిపోయి వచ్చినట్టు కుడికి తిరిగి, రాయి తీసేసి వదిలేసిన పాత క్వారీ గుంతలో పడేది. వారం వారం అంతే. పిల్లలు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. ఆయన మాత్రం కర్ర తల తిప్పి, అందులో ఏమైనా ఇరుక్కుందేమోనని చూసుకునేవాడు.

మేజరు సారు ఓపిక మెచ్చుకోవాలి. "అది గడ్డపార కాదు దేవదానం, అంత బిగబట్టి పట్టుకోవద్దు" అని, ఎడమ చేతిని పిడి మీద కాస్త కుడికి తిప్పి పెట్టేవాడు. "నువ్వు బయటినుంచి లోపలికి కోస్తాండావప్పా, కొడవలి తిప్పినట్ల. అందుకే బంతి తిరుగుతాండాది" అని, చంకలో తువ్వాలు పెట్టి అది జారకుండా కొట్టమనేవాడు. తువ్వాలు జారేది కాదు గానీ బంతి గుంతలోకే పోయేది. బంతికి అవతల ఒక గంప పెట్టి, దానికి తగలకుండా కొడితే కర్ర లోపలి నుంచి వస్తుందని ఇంకో వారం చెప్పాడు. నాయన మా ఇంటి పేడగంప తీసుకుపోయి మొదటి దెబ్బకే పగలగొట్టాడు. ఆ రోజు అమ్మ ఆయనకు రాత్రి సంగటి పెట్టింది గానీ ముద్ద మీద పప్పు వెయ్యలేదు.

బంతి కింద పెట్టే పుల్లలు మా నేలలో దిగేవి కావు, విరిగేవి. అందుకని అమ్మే బంకమన్నుతో వేలెడు కుదుళ్ళు చేసి ఎండబెట్టి ఇచ్చేది. కుదురు పొట్టిగా ఉంటే పైనుంచి నరుకుతున్నాడని మేజరు సారు అంటే, పొడుగ్గా చేసింది. ఎంత కోపమున్నా, క్రిస్మస్ ముందు కర్జికాయల పిండి కలుపుతున్న చేతుల్ని కడుక్కుని మరీ ఆ మన్ను పిసికేది. ఎందుకు చేస్తావమ్మా అంటే, "ఉండనీ పాపా, దాని మీద పడి బతుకుతాండాడు" అనేది.

ఖాసీం సాబు మందు వేరు. "దిష్టి తగిలిండాదప్పా నీ కట్టెకు" అని దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కర్ర మెడకు కట్టాడు. వద్దంటే స్నేహితుడు చిన్నబుచ్చుకుంటాడని నాయన కట్టించుకున్నాడు. అది చూసిన మా పాస్టరు తన వంతుగా కర్ర మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. బంతి ఇద్దరి మాటా వినలేదు.

ఇది ఆటగా మొదలై ఆటగా ఉండకుండా పోవడం నేను చూశాను. ఊళ్ళో చేను వరసగా ఎండింది. మా బంధువులు ఏటా వలసపోయే కోసిగి వాళ్ళతో కలిసి మూటలు కట్టుకుని పనులకు పోయారు. ఫ్యాక్టరీలో సున్నపురాయి కాల్చే రెండు కొలుముల్లో ఒకటి ఆరిపోయింది, రెండోది ఆరుతుందని గుసగుసలు. నాయన మాత్రం పొద్దున్నే పెరట్లోకి పోయి, బంతి లేకుండా, ఉత్త గాలిలో డ్రైవరు తిప్పుతూ ఉండేవాడు. ఒకసారి నేను పోయి, "నాయనా, అది రాకపోతే ఏమైతాది?" అని అడిగాను. కర్ర దించి నా వైపు చూశాడు. "వాన మన చేతిలో లేదు పాపా. ఫ్యాక్టరీ మన చేతిలో లేదు. ఇదొక్కటన్నా మన చేతిలో ఉండాది గదా. సరిచేసుకుంటే సరైపోతాది." ఆ మాటతో నాకు భయం వేసింది. అప్పటినుంచి ఆయన బంతి కుడికి పోతే నేను నవ్వలేదు.

రెండో కొలిమీ ఆరింది, ఫ్యాక్టరీ మూతపడింది. మేజరు సారు సామాను లారీకెక్కించుకుని కడపకు వెళ్ళిపోయాడు, పోతూ పోతూ డ్రైవరును నాయనకే ఇచ్చాడు. మేమూ క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిన వారంలో, ఒక సాయంత్రం నాయన, ఖాసీం సాబు, నేను మైదానానికి పోయాం. ఆయిలు ఇసుక అప్పటికే పెచ్చులు లేచింది. నాయన అమ్మ చేసిన కుదురు పెట్టి, బంతి పెట్టి, ఏ పాఠమూ గుర్తు చేసుకోనట్టు, చేను గట్టున నిలబడినంత తేలిగ్గా నిలబడి కొట్టాడు.

బంతి లేచింది. కుడికి తిరిగే చోటికి వచ్చింది. తిరగలేదు. అట్లాగే తిన్నగా మైదానం చివర ఎండిపోయిన వంక దాటి, అవతల బీడులో దుమ్ము లేపి ఆగింది.

"సుభానల్లా!" అని ఖాసీం సాబు రెండు చేతులూ ఎత్తాడు. నేను గెంతులు వేశాను, ఏడ్చాను కూడా. నాయన మాత్రం అటే చూస్తూ, "గాలి తోసిండాది" అన్నాడు.

"గాలి యాడుండాదప్పా?" అని ఖాసీం సాబు కొట్లాటకు దిగాడు. గాలి ఎటు వీస్తోందో తెలియాలంటే మేమెప్పుడూ ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు చూసేవాళ్ళం. ఆ రోజూ ముగ్గురం అటే చూశాం. పొగ లేదు. ఉత్త గొట్టం నిలబడి ఉంది.

"ఇంకోటి కొట్టు నాయనా" అని బంతి ఇవ్వబోయాను. తీసుకోలేదు. "అది కుడికే పోతాది పాపా" అని కర్రను నేల మీద పెట్టేశాడు. బతిమాలాం. వినలేదు. ఇంటికొచ్చి చెప్తే అమ్మ ఆశ్చర్యపోలేదు. చేట పక్కన పెట్టి, "చేను పండితే దేవుడిచ్చినాడంటాడు, ఎండితే నా సేద్యం తక్కువైందంటాడు. మీ నాయన ముందునుంచీ అంతే" అంది.

తర్వాత మేం డోన్ వచ్చేశాం. నాయన ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేశాడు, పోయేదాకా డ్రైవరు ముట్టలేదు. ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఒకసారి నేనే ఆ మాట ఎత్తాను. ఆ రోజు నిజంగా గాలి ఉందా నాయనా అని. "ఉండాది" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. ఖాసీం సాబూ పోయాడు. మైదానం ఉన్న చోట ఇప్పుడు కంచె, లోపల కనుచూపు మేరా సోలారు పలకలు. క్వారీ గుంతను ఏదో చెత్తతో పూడ్చేశారు, దాంతోపాటే మా నాయన బంతులన్నీ. చిల్లాకట్టె ఆడే పిల్లలు ఎక్కడా కనిపించరు. బంకమన్ను పిసికే చేతులూ లేవు.

నేను ఇక్కడే ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మొన్న ఫలితాలు వచ్చాయి. మా పిల్లలు ఎప్పుడూ లేనంత బాగా పాసయ్యారు. హెడ్‌మాస్టరు స్టాఫ్ రూములో అందరి ముందూ లేచి, ఇదంతా మీ కష్టమే మేడం అన్నారు. చప్పట్లు కూడా కొట్టారు.

"నాదేముంది సార్, ఈసారి పేపరు సులువుగా వచ్చింది" అన్నాను.