లస్కరు గారి అమ్మాయి చెప్పిన పాఠం

మొన్న ఆదివారం మా ఎదురింటావిడ ఫోను పట్టుకుని వచ్చి, తన మనవరాలిని ఈ వేసవిలో మూడు వారాల చదువు యాత్రకి ఇంగ్లండు పంపుతున్నామనీ, నేనూ ఒకసారి టీచరుగా పిల్లల వెంట వెళ్ళొచ్చాను కాబట్టి ఎలా ఉంటుందో చెప్పమనీ కూర్చుంది. ఆ ఫోనులో యాత్ర నడిపే కంపెనీ వాళ్ళ ప్రకటన వీడియో ఒకటి ఉంది. ఎవరో పిల్లలు వరసగా నిలబడి ఒకే మాటని ఒకే నవ్వుతో చెబుతున్నారు. అది చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. కాఫీ ఇచ్చి పంపించేశాను గానీ, అప్పటినుంచీ నా మనసు మనసులో లేదు.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. రిటైరయ్యే ముందు ఏడాది పద్దెనిమిది మంది తొమ్మిదో తరగతి పిల్లల్ని అలాంటి యాత్రకే పంపుతూ, తోడుగా నన్ను వెళ్ళమన్నారు. అందరూ కలిగినవాళ్ళ పిల్లలే, ఒక్క అమ్మాయి తప్ప. ఆ అమ్మాయి వ్యాసాల పోటీలో మొదటి బహుమతిగా ఆ సీటు గెలుచుకుంది. వాళ్ళ నాన్నగారు ధవళేశ్వరం దిగువన కాలువ లాకుల దగ్గర లస్కరు, అంటే లాకు తలుపులు తీసి, వేసి, నీటి మట్టం చూసుకునే మనిషి. విమానం ఎక్కేటప్పుడు ఆ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది గానీ, భయమేస్తోందని మాత్రం ఒక్కసారీ అనలేదు.

రెండో వారంలో ఒక రోజు మమ్మల్ని ఒక పాత కాలువ దగ్గరికి తీసుకెళ్ళారు. చూద్దును కదా, అక్కడున్నవి అచ్చం మన లాకులే! అదే రాతి కట్టు, ఇటు రెండు తలుపులు, అటు రెండు తలుపులు, మధ్యలో పడవ ఆగే తొట్టి. పాఠం చెప్పడానికి వచ్చిన ఆ ఊరి పెద్దాయన, పడవ తొట్టిలోకి వచ్చాక వెనక తలుపులు మూయించి, ఇప్పుడు ముందు తలుపు తెరవండి చూద్దాం అన్నాడు. యాత్ర నడిపే కంపెనీ తరఫున వచ్చిన కోఆర్డినేటరు కెమెరా పట్టుకుని హుషారు చేస్తుంటే, మగపిల్లలు ఆరుగురు కలిసి తలుపుకి బిగించిన పొడవాటి దూలాన్ని తోశారు. తలుపు కదల్లేదు. ఇంకో నలుగురు వెళ్ళారు. అయినా కదల్లేదు. పెద్దాయన చేతులు కట్టుకుని నవ్వుతూ చూస్తున్నాడు.

"మేడమ్, ఎంతమంది తోసినా రాదండి," అంది లస్కరు గారి అమ్మాయి నా పక్కకొచ్చి. "లోపలి నీళ్ళూ అవతలి నీళ్ళూ సమానం అవ్వాలండి. ముందు ఆ చిన్న తూము ఎత్తి, తొట్టి నిండేదాకా ఆగాలి. అప్పుడు నేనొక్కదాన్నే తీసేస్తాను."

నేను ఇంగ్లీషులో చెప్పేలోగానే పెద్దాయనకి ఆ పిల్ల చేతుల కదలికలోనే సంగతంతా తెలిసిపోయింది. టోపీ తీసి, తూము తిప్పే ఇనప పిడి ఆ అమ్మాయి చేతికిచ్చాడు. తొట్టి నిండాక, అన్నట్టుగానే ఒక్కతే దూలానికి వీపు ఆనించి, కాళ్ళు నేలకి తన్నిపట్టి తలుపు తెరిచింది. ఇదెక్కడ నేర్చుకున్నావని ఆయన అడిగితే, మా నాన్న లస్కరు, లాకు తీస్తాడు అని తనకొచ్చిన ఇంగ్లీషులో గర్వంగా చెప్పింది.

కోఆర్డినేటరు కెమెరా దించాడు. "ఆ ముక్క వద్దమ్మా. మా నాన్న ఇరిగేషన్ ఆఫీసర్ అని చెప్పు. మళ్ళీ తీద్దాం."

"మా నాన్న ఆఫీసరు కాదండి, లస్కరండి."

"తెలుసమ్మా, వీడియో కోసమే కదా."

"అయినా కాదు కదండి."

అయితే పక్కకి జరగమని, తణుకు బియ్యం వ్యాపారి గారి అబ్బాయిని అక్కడ నిలబెట్టి, లాకు ఎలా పనిచేస్తుందో ఆ పిల్ల చెప్పిన మాటలే వాడిచేత చెప్పించి తీసుకున్నాడు. అంతటితో ఆగలేదు. సాయంత్రం హాల్లో ఆ రోజు బాగా నేర్చుకున్న విద్యార్థికి సర్టిఫికెట్ ఇస్తూ, పేరు చదవమని కాగితం నా చేతికిచ్చారు. అందులో ఉన్నది ఆ అబ్బాయి పేరు. నేను చదివాను. అవునండీ, ఎదురు చెప్పకుండా ఉన్నది ఉన్నట్టు చదివేశాను. అందరితోపాటు ఆ అమ్మాయీ చప్పట్లు కొట్టింది.

ఆ అబ్బాయి మాత్రం ఊరుకోలేదు. భోజనాల దగ్గర తిన్నగా వెళ్ళి, ఇది నీదేనంటూ ఆ కాగితం ఆమె పళ్ళెం పక్కన పెట్టాడు. "నీ పేరు రాసుంది కదా, నాకెందుకు?" అని తిరిగిచ్చేసింది. ఆ మాటలో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. పదిహేనేళ్ళ పిల్లవాడికున్న ధైర్యం, యాభై ఏడేళ్ళ నాకు లేకపోయింది.

మర్నాడు ఉదయం కోఆర్డినేటర్ని నిలదీస్తే, చిన్న విషయానికి ఎందుకండీ అంత ఆవేశం అన్నాడు. తిరిగొచ్చాక జరిగిందంతా రాసి స్కూల్లో ఇచ్చాను. పెద్దలు చదివి, ఇంకొన్నాళ్ళలో రిటైరవుతున్నారు కదండీ, ప్రశాంతంగా ఉండండి అన్నారు. అది చిన్న విషయమా? తండ్రి పనిని దాచిపెడితేనే నీ ముఖం చూపిస్తామని ఒక పిల్లకి చెప్పడం చిన్న విషయమెలా అవుతుంది?

మనసాగక ఒక రోజు లాకుల దగ్గరికి వెళ్ళాను, ఆ తండ్రికి క్షమాపణ చెబుదామని. ఆయన నన్ను చూడగానే తలగుడ్డ తీసి, కుర్చీ తెచ్చి వేసి, "మా అమ్మాయి అక్కడ లాకు చూసిందంటగదండీ! అక్కడా నీళ్ళు సమానం అయ్యాకే తలుపు తీస్తారంటండి. దాని చేతే తీయించారంటండి!" అని ఒకటే సంబరపడ్డాడు. మిగిలింది ఆ పిల్ల ఇంట్లో చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. అవునండీ, మీ అమ్మాయే అందరికీ పాఠం చెప్పిందండీ అని మాత్రం అన్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏటా ఒకసారి పిల్లల్ని బస్సులో ధవళేశ్వరం తీసుకెళ్ళి, అక్కణ్ణించి కాలువ గట్టు వెంట నడిపించేవాళ్ళం. పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు, ఎండకి నెత్తిన తువ్వాళ్ళు. ఫోటో తీసే నాథుడు లేడు, సర్టిఫికెట్టన్న మాటే లేదు. లాకు సంగతి చెప్పమంటే అప్పటి లస్కరు, ఆయనెవరో గానీ, బీడీ ఆర్పి పక్కన పెట్టి, మొదటినుంచీ చివరిదాకా ఓపిగ్గా చెప్పేవాడు. పిల్లలు ఆయన్ని మాస్టారూ అని పిలిచేవారు. అలా పిలవమని వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. మేం టీచర్లం కూడా వాళ్ళ వెనకే నిలబడి, ఆయన చెప్పింది వినేవాళ్ళం.