పిల్లకాలువలో రాయి

నా చిన్నప్పుడు నాకు జడ వేసేది పక్కింటి అక్క. మా అమ్మ తెల్లవారగానే నాట్లకు వెళ్లిపోయేది. కర్ణాటకలో మస్కి దగ్గర తుంగభద్ర కాలువ కింద ఉండేది మా వలస రైతుల క్యాంపు. కోస్తా నుంచి వచ్చి వరి పండించుకునే కుటుంబాలు మావి.

అక్క జడ సగం అల్లి ఆగిపోయేది. కుడిచెయ్యి దించి ఒళ్లో పెట్టుకునేది. పైకెత్తితే చాలు, ఆ చేతివేళ్లు తెల్లబడి, చల్లబడి, తిమ్మిరెక్కేవి. వాళ్లమ్మ ఆముదం రాసి వావిలాకు కాపడం పెట్టేది. చెయ్యి మాత్రం వెచ్చబడలేదు.

బళ్లారి డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, మెడ దగ్గర పక్కటెముక ఒకటి ఎక్కువగా ఉందని, అది చేతికి వెళ్లే రక్తనాళాన్ని నొక్కుతోందని చెప్పారు. ఆపరేషన్ చేసి తియ్యకపోతే వేళ్లు దక్కవన్నారు. అక్క భయపడి ఒప్పుకోలేదు.

"నొప్పి చేతికైతే మెడ కోస్తారంట. రేపు కాలు నొప్పంటే ముక్కు కోస్తారేమో," అంది వాళ్లమ్మ.

మా తాతయ్య వాదించలేదు. మర్నాడు అక్కనూ నన్నూ మా చివరి మడికి తీసుకెళ్లాడు. నీళ్లు సన్నగా వస్తున్నాయి. అక్కను నీళ్లు రప్పించమన్నాడు. ఆమె ఎడమచేత్తో, మడిలోకి నీళ్లు పారే మడవ దగ్గర మట్టి తోడింది. ఏమీ మారలేదు. అప్పుడు మమ్మల్ని గట్టు వెంట పైకి నడిపించి, పిల్లకాలువకు అడ్డంగా ఉన్న రాయి చూపించాడు.

"ఎండేది అక్కడ. రాయి ఇక్కడ. ఎక్కడ చెయ్యి పెట్టమంటావో నువ్వే చెప్పమ్మా."

అక్క వంగి ఆ రాయి మీద చెయ్యి పెట్టింది.

"బళ్లారికి మీరూ వస్తారా, తాతయ్యా?"

"గుమ్మం దగ్గరే కూర్చుంటాలే. ముందిది తీద్దాం, పట్టు."

ఆ రాయి పొద్దున్నే తాతయ్యే అక్కడికి దొర్లించడం నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు.

చాలా ఏళ్లకు రాయచూరు లైబ్రరీలో, ఒక వైద్య పుస్తకంలో ఆ జబ్బు పేరు దొరికింది: థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్. మెడకూ భుజానికీ మధ్య ఇరుకు సందును బొమ్మ వేసి చూపించారు. నాకు అందులో మా పిల్లకాలువే కనిపించింది.

అప్పట్లో బళ్లారిలో అక్కకు కాలర్ ఎముక పైన కోసి, ఎక్కువగా ఉన్న ఆ పక్కటెముకను తీసేశారు. అక్క కోలుకునేసరికి కోతలొచ్చాయి. ఒక పొద్దున నన్ను ముందు కూర్చోబెట్టుకుని, ఎక్కడా ఆగకుండా కొస దాకా అల్లింది. జడ బిగువుకు నుదురు లాగింది. నా మెడకు తగిలిన ఆమె వేళ్లు వెచ్చగా ఉన్నాయి.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఎవరైనా బాధ చెప్పుకుంటే, నొప్పి ఉన్నచోట ముందు కాసేపు చెయ్యి వేస్తాను. తర్వాత మెల్లగా గట్టు వెంట పైకి నడుస్తాను.