మా వాగుకు ఆటుపోట్లు

మా కోరుట్ల వైపు వాగుకు సముద్రంలాగే ఆటుపోట్లు ఉన్నాయని లోకానికి చాటిన మొదటి శాస్త్రవేత్తను నేనే. చివరివాణ్ణీ నేనే. ఆ ఘనకార్యం ఎట్లా గంగలో కలిసిందో చెబుతాను, నవ్వితే నవ్వండి.

తెలంగాణ ఉద్యమం రోజులు. జగిత్యాలలో ఇంజనీరింగ్ చివరి ఏడు. బందులతో పాఠాలు అటకెక్కాయి. ప్రాజెక్టు ఒక్కటి గట్టెక్కితే పాసవుతాను, లేకుంటే సిరిసిల్లకు పోయి నాయన పక్కన మగ్గం నడపాలి. అందుకని వాగుల్లో ప్లాస్టిక్ చెత్త ఎటు పోతుందో చెప్పే యంత్రం చేశాను. పెద్ద ప్లాస్టిక్ సీసా అడుగున చిప్పు, సిమ్ము, బ్యాటరీ పెట్టి మైనంతో మూశాను. పై సగం తేలడానికి ఖాళీ. సీసా ఎక్కడుందో నా ఫోనుకు మెసేజ్ వస్తుంది. కోరుట్ల అవతల మా మేనమామ ఊరి వంతెన మీంచి దాన్ని వదిలి, గోదారి దాకా పోయి రమ్మని సాగనంపాను.

నేనొకటి తలిస్తే సీసా ఒకటి తలిచింది. రోజూ పొద్దున్నే ఒడ్డెక్కి చేనూ చెలకల్లోకి పోతుంది, కాసేపాగి మళ్లీ వాగు దగ్గరికే వస్తుంది. పోయి చూద్దామంటే సమ్మె, బస్సుల్లేవు. గదిలో కూర్చుని మెసేజ్‌లు చదివీ చదివీ ఒక సిద్ధాంతం లేవదీశాను. మగ్గాల చప్పుడులో పెరిగిన గొంతు కదా, కాలేజీ అంతా వినబడేట్టే చెప్పాను.

"వాగుకు ఆటుపోట్లేందిరా?" అన్నారు ప్రాజెక్టు సారు.

"గదే సార్ కొత్త సంగతి. ఇన్నేండ్లు ఎవలూ చూడలే."

ఎన్నడూ ఎవరినీ మెచ్చుకోని మనిషి, నా భుజం తట్టి, కళ్లారా చూస్తానన్నారు. ఆ పూట స్నానంలో ఆ భుజం తడపలేదు నేను.

బస్సులు తిరగ్గానే ఇద్దరం మొదటి బస్సెక్కి పోయాం. మెసేజ్ చెప్పినచోటే, ఒడ్డున తుమ్మచెట్టు మొదట్లో, సీసా బుద్ధిగా నిలబడి ఉంది. సారు దాన్ని రెండు చేతులా ఎత్తి ప్రసాదంలా కళ్లకద్దుకున్నారు.

అంతలో భుజాన తువ్వాలతో మా మేనమామ ఆదరాబాదరాగా వచ్చాడు.

"ఏంది అల్లుడా, చెప్పకుంట వచ్చినవ్?" అంటూనే సారు వైపు చెయ్యి చాపాడు. "సారూ, గా సీస జర ఇటియ్యుండ్రి. తుంగల చిక్కుకుంటె తెచ్చుకున్న. అడుగు బరువుంది, చెలకల పెడితె పడిపోదు. రోజూ పొద్దుగాల నీళ్లు నింపుకొని చెంబుకు పోవుడు దీనితోనే."

సారు కదల్లేదు. సీసా ఇంకా కళ్ల దగ్గరే ఉంది.

"జల్దియ్యుండ్రి సారూ," అన్నాడు మామ, "ఆగేటట్టు లేదు."

సారు వాగులో ముఖం కడుక్కున్నారు. ఒడ్డెక్కి, మళ్లీ దిగి కడుక్కున్నారు. జగిత్యాలలో బస్సు దిగాక, "పాస్ చేస్త. గీ ముచ్చట బయటికి రావద్దు," అన్నారు.

మామ మీద నాకు కోపం రాలేదు. నా చదువు మొత్తంలో నేను చేసిన వస్తువు ఒక మనిషికి పనికొచ్చింది అదొక్కసారే. అయినా వాగు సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఇకమీద ఏ యంత్రాన్నయినా నీళ్లలో వదిలే ముందు, మామకు ఒక మంచి చెంబు కొనిస్తాను.