విసుర్రాయి పక్కన భీమమ్మ బండి

తాండూరు క్వారీల్లో పనిచేస్తూ భీమమ్మ జొన్నరొట్టె తిననివాడు ఎవడైనా ఉంటే, వాడు ఊరికి కొత్తవాడై ఉండాలి, లేదంటే ఆమెతో గొడవ పెట్టుకున్నవాడై ఉండాలి. రెండో రకం వాళ్లు ఎక్కువ రోజులు నిలబడరు. పొద్దెక్కేసరికి కడుపులో ఆకలి మొదలవుతుంది, అంతలో దుమ్ములోంచి మోపెడ్ చప్పుడు వినిపిస్తుంది, పౌరుషం తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. యాభై దాటిన మనిషి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, వెనక రొట్టెల గంప, ముందు పప్పు డబ్బా పెట్టుకుని నాపరాళ్ల లారీల మధ్య నుంచి దూసుకొస్తుంటే డ్రైవర్లే దారి ఇస్తారు. ఆ బండి హారన్ పాడై చాలా కాలమైంది. తన గొంతు ఉండగా హారన్ దండగని ఆమె దాన్ని బాగు చేయించలేదు.

అలాంటి భీమమ్మ పేరు వికారాబాదు మ్యూజియంలోకి ఎక్కింది. ఎక్కిందన్న సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. ఎందుకంటే పేరు ఎక్కింది బండి మీద కాదు, విసుర్రాయి మీద.

ఆ రాయి కథ చెప్పాలి. భీమమ్మది దోమ అనే ఊరి దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. తాండూరులో మొగులప్పకిచ్చి పెళ్లి చేశారు. మొగులప్ప చెడ్డవాడేం కాదు. పనీ మంచమూ రెండింట్లో ఏది కావాలో తేల్చుకోమంటే, ఆలోచించుకోవడానికి మంచమెక్కే రకం, అంతే. అతని తల్లి ఎంకమ్మ మాత్రం వేరే మట్టితో చేసిన మనిషి. కోడలు కాలు పెట్టిన మర్నాడే, కోడి కూయకముందే లేపి విసుర్రాయి ముందు కూర్చోబెట్టింది. వీధి చివర పిండిగిర్ని పొద్దంతా మోగుతున్నా, గిర్ని పిండిలో రుచి ఉండదనేది ఆమె సిద్ధాంతం. రుచి అత్తకు, అరచేతుల్లో బొబ్బలు కోడలికి. అలా ఏళ్లు గడిచాయి. ఎంకమ్మ పోయింది. రాయి మిగిలింది.

విసుర్రాయిని ఇంట్లోంచి పారేస్తే లక్ష్మిని గెంటేసినట్టేనంటారు. అందుకని ఎవరూ వాడనూ వాడరు, పారేయనూ పారేయరు. ఇంట్లో ఒక మూలన కూర్చుని, వచ్చేపోయేవాళ్ల బొటనవేళ్లకు తగలడమే దాని పని. ఇలాంటి సమయంలో వికారాబాదులో ఒక పాత బంగళాలో కొత్తగా పెట్టిన మ్యూజియం నుంచి పద్మారాణి అనే అమ్మాయి ట్రాలీ ఆటో వేసుకుని వీధిలోకి వచ్చింది. ఆ మ్యూజియం బాగోగులు చూసేది ఆమే. మహిళల చరిత్రకు ఒక గది కడుతున్నామని, ఆడవాళ్లు వాడిన పాత వస్తువులేవైనా ఇవ్వమని అడిగింది.

వీధిలో ఆడవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లక్ష్మిని గెంటేయడం పాపమే. కానీ బంగళాలో కాపురం పెట్టించడం పాపమెలా అవుతుంది? ఆ పూట ఆటో వెనక చక్రాలు నేలకంటుకుపోయాయి. ప్రతి ఇంటి నుంచీ ఒక విసుర్రాయే వచ్చింది. పద్మారాణి పాపం, ఈ ఊరి ఆడవాళ్ల మనసు ఎంత పెద్దదో అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

అందరికంటే ఘనంగా సాగనంపింది భీమమ్మే. ఎంకమ్మ పైనుంచి చూస్తుందేమోనన్న భయంతో రాయిని కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మూరెడు పూలు చుట్టింది. "పో తల్లీ, మళ్ల రాకు" అని మనసులోనే అనుకుంది.

గది తెరిచిన రోజు రమ్మని కబురొస్తే, పక్కింటి హాజిరాబీని వెంటబెట్టుకుని బస్సులో వికారాబాదు వెళ్లింది. గది మధ్యలో ఎత్తయిన అరుగు, దాని మీద లైటు, లైటు కింద తన రాయి. పూసిన పసుపు కూడా అలాగే ఉంది. మిగతా ఇళ్ల రాళ్లన్నీ గోడ వెంట పెళ్లి బంతిలో కూర్చున్నట్టు వరసగా ఉన్నాయి. రాయి పక్కన ఒక బొమ్మను నిలబెట్టారు. చీరల దుకాణం వాళ్లు ఇచ్చిన బొమ్మ అది. తెల్లగా, సన్నగా, పెదాలకు ఎర్రరంగుతో నవ్వుతోంది. మోకాళ్లు వంగవు కాబట్టి కూర్చోదు, ఒక చెయ్యి మాత్రం ముందుకు చాపి ఉంటుంది.

"అరే భీమక్కా, గీ పోరి రాయి తిప్పుతున్నదా, బస్సు ఆపుతున్నదా?" అంది హాజిరాబీ.

 భీమమ్మ కూడబలుక్కుంటూ గోడ మీది రాత చదువుతోంది. 'ఆనాటి మహిళ ఆనందం. వేకువనే లేచి, పాటలు పాడుకుంటూ, కష్టమన్నది ఎరుగక పిండి విసిరేది. దాత: శ్రీమతి భీమమ్మ, తాండూరు.' కష్టమన్నది ఎరుగక అన్న దగ్గర ఆగి మళ్లీ చదివింది. అబద్ధం రాయడం ఒక ఎత్తు, దాని కింద తన పేరు పెట్టడం మరో ఎత్తు.  తనెవరో తెలియనివాళ్లు, రేపు తన మనవరాళ్లు, ఈ గదిలోకి వచ్చి, భీమమ్మ అంటే నవ్వుతూ రాయి తిప్పిన మనిషి అనుకుని పోతారు. అది ఆమెకు మింగుడుపడలేదు.

"నా రాయి నాకియ్యి బిడ్డా. ఇంటికి తీస్కపోత. మూలకు పడేస్కుంట" అంది పద్మారాణితో.

అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చారు. పసుపూ కుంకుమా పూలూ చూశారు, చేతులు జోడించారు. గింజలు పోసే కంతలో ఒకామె రూపాయి బిళ్ల వేసింది. పసుపు పూసిన రాయిని చూసి ఊరికే నిలబడేవాళ్లు ఈ జిల్లాలో ఎవరున్నారు గనక? పద్మారాణి వాళ్లను వారిద్దామని వెళ్లి, ఏమనాలో తెలియక తిరిగి వచ్చింది. ఆలోచించుకుందాం, నాలుగు రోజులు ఓపిక పట్టమని భీమమ్మను బతిమాలి పంపింది.

నాలుగు రోజులకు సంగతి చెయ్యి దాటింది. అనంతగిరిలో పద్మనాభస్వామిని చూసుకుని దిగేవాళ్లు దారిలో మ్యూజియం దగ్గర కూడా ఆగడం మొదలుపెట్టారు. కొబ్బరికాయలు కొట్టరాదని పద్మారాణి బోర్డు పెడితే, ఆ బోర్డుకూ బొట్టు పెట్టారు. భీమమ్మ హాజిరాబీతో మళ్లీ వెళ్లేసరికి గదంతా అగరొత్తుల పొగ.

"ఎట్ల తీయమంటరమ్మా? మొన్న కింద ఊడ్చుదామని రాయిని జర జరిపితే ఒకామెకు దేవత పూని శిగమొచ్చింది. గంటసేపు ఊగింది" అంది పద్మారాణి. కాస్త ఆగి, "అయినా పసుపు కుంకుమ పెట్టి పంపింది మీరే కదమ్మా" అంది.

భీమమ్మ పోట్లాట ఆపి అరుగు పక్కన చతికిలబడింది. ఆమె జీవితంలో అలాంటిది జరగడం హాజిరాబీ చూడ్డం అదే మొదటిసారి. అత్త బతికున్నన్నాళ్లూ తనను తిప్పిన రాయిని తనే స్వయంగా దేవతను చేసి కూర్చోబెట్టింది. ఇక దించేదెవరు?

సంగతి పేపర్లకెక్కింది. విసుర్రాయిని తీసేయమంటున్న మహిళ అని ఒకరు రాశారు. సంస్కృతికి అవమానమని మరొకరు రాశారు. అందరికంటే ఎక్కువ మాట్లాడింది మొగులప్ప. జన్మలో ఒక్క చుట్టు కూడా తిప్పని ఆ మనిషి నున్నగా తల దువ్వుకుని ఫొటో దిగి, "గా రాయి మా అమ్మ యాది. ఆడికెళ్లి కదిపేది లేదు" అని చెప్పాడు. ఆ పూట ఇంట్లో క్వారీలకు సరిపడా రొట్టెలైతే కాలాయి గానీ, మొగులప్ప పళ్లెంలోకి ఒక్కటీ రాలేదు. సాయంత్రానికల్లా అతను అభిప్రాయం మార్చుకుని, ఆడవాళ్ల కష్టం ఆడవాళ్లకే తెలుస్తుందని వీధిలో నలుగురికీ చెప్పి వచ్చాడు.

చివరికి మ్యూజియం సంఘం పెద్ద కుమారస్వామి సారు పద్మారాణిని పక్కన ఉంచుకుని భీమమ్మను పిలిపించాడు. హాజిరాబీ కూడా వెంట వచ్చింది. బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. గోడ మీది రాతలన్నీ ఆయనవే. మెత్తనివాడు, పాత వస్తువు కనబడితే కరిగిపోతాడు.

"భీమమ్మా, నేను ఉత్తగ రాయలేదమ్మా. మా అమ్మ ఇసురుతుంటే ఆమె తొడ మీద తల పెట్టి పండుకునేటోన్ని. ఆ పాట, ఆ చప్పుడు. అసొంటి నిద్ర నాకు మళ్ల ఎన్నడూ పట్టలేదు" అన్నాడు. 

"నువ్వు పండుకున్నవు సారూ. మీ అమ్మ పండుకోలేదు" అంది భీమమ్మ.

 ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు గానీ, కుమారస్వామి కాకి కాదు, ప్రేమ ఉన్న కొడుకే. అందుకే ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"మేం పాడింది సంబురానికి కాదు. పాడకపోతే తూగి రాయి మీదనే పడుతుంటిమి" అంది ఆమె, ఈసారి కొంచెం మెల్లగా.

"మరి ఏం చేద్దామంటవు? దేవతను తీసేస్తే ఊరుకోరు."

"ఉండనియ్యి. దాని పక్కన నా బండి పెట్టు."

బండి సంగతి తెలియని పద్మారాణికి హాజిరాబీ చెప్పింది. చెప్పే హక్కు ఆమెకే ఉంది. ఆ పాత మోపెడ్ అమ్మింది ఆమె భర్త, మెకానిక్ కరీముద్దీనే. మొగులప్పకు బండలెత్తి నడుం పట్టేసిన రోజుల్లో భీమమ్మ రొట్టెల గంప నెత్తిన పెట్టుకుని క్వారీలకు నడిచేది. చేరేసరికి రొట్టెలు చల్లారేవి, మెడ పట్టేసేది. ఒకరోజు విసిగిపోయి బండి నేర్చుకుంటానంది. నేర్చుకున్నది పాలిషింగ్ యూనిట్ల వెనక, రాళ్ల బురద ఎండిన మైదానంలో. హాజిరాబీ బుర్ఖా ఎత్తిపట్టుకుని, వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తింది. ఇద్దరూ ఎన్నిసార్లు పడ్డారంటే, ఇంటికొచ్చేసరికి సున్నం వేసిన గోడల్లా ఉన్నారు. కోడలు బండెక్కిందని ఎంకమ్మ తలుపేసుకుంది. లోపలి నుంచి తిట్టింది, పొద్దుగూకాక రొట్టెకోసం తలుపు తీసింది.

"ఇగ చూడు సారూ," అంది భీమమ్మ. "గా రాయిని ఎన్నేండ్లు తిప్పినా ఉన్నకాడ్నే ఉన్న. గీ బండి హ్యాండిల్ తిప్పితే బషీరాబాద్ దాక పోయిన. నా చరిత్ర అంటే గిదే. రాయాలంటే గిది రాయి."

కుమారస్వామి ఒప్పుకున్నాడు. విసుర్రాయి పక్కన తాండూరు బండలతో ఇంకో అరుగు లేచింది. దాని మీద కూడా లైటు పెట్టారు. దుకాణం బొమ్మకు కుచ్చిళ్లు ఎగదోపి అటు తిప్పారు. చాపిన చెయ్యి సరిగ్గా బండి హ్యాండిల్ ఎత్తుకు వచ్చింది. ఆ చెయ్యి దేనికోసమో అప్పటికి తెలిసిందని పద్మారాణి నవ్వింది. కష్టమన్నది ఎరుగక అన్న ముక్కను కుమారస్వామి తన చేత్తోనే చెరిపేశాడు.

బండి ఇచ్చే రోజు క్వారీలకు సెలవు. భీమమ్మ బండిని కడిగింది, తుడిచింది. పసుపు డబ్బా జోలికి మాత్రం పోలేదు. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టింది. హాజిరాబీని వెనక ఎక్కించుకుని తాండూరు నుంచి వికారాబాదు దాకా నడిపింది. దారిపొడుగునా గుంతలు. ఒక్కో గుంతకూ హాజిరాబీ అల్లాను తలుచుకుంది. భీమమ్మ మాత్రం నవ్వుతూనే ఉంది. పెళ్లినాడు కూడా ఆమె అంత సంతోషంగా లేదు, ఆ మాట ఆమే దారిలో చెప్పింది.

మ్యూజియం ముందు జనం చేరారు. కుమారస్వామి ఆమె మెడలో దండ వేశాడు. ఫొటోలు తీశారు. ఇద్దరు మనుషులు బండిని లోపలికి తోసుకెళ్లడానికి వచ్చారు. పద్మారాణి చెయ్యి చాపింది.

"తాళం ఇయ్యండమ్మా. ముందుగాల పెట్రోల్ తీసేయాలె."

"పెట్రోల్ దేనికి తీస్తరు?"

"లోపల ఉంచరాదమ్మా. అయినా ఇగ నడిచేది లేదు కదా."

భీమమ్మ తాళాన్ని గుప్పిట్లో మూసుకుంది. ఇన్నాళ్లూ బండి లోపలికి ఎలా ఎక్కాలా అన్న ఫికరే తప్ప, ఎక్కాక ఏమవుతుందో ఆమె ఆలోచించనే లేదు. కిటికీలోంచి గదిలోకి చూసింది. పూల కింద రాయి కనబడింది. గోడ వెంట మిగతా రాళ్లు. పని అయిపోయిన వస్తువులే అన్నీ. వాటి పక్కన ఖాళీ అరుగు, దాని మీద లైటు. ఆ లైటు కింద తన పేరు చూసుకోవాలని ఆమెకు నిజంగానే ఆశగా ఉంది. 

"రేపు క్వారీల రొట్టెలు ఎట్ల?" అంది, ఎవరిని అడుగుతోందో తనకే తెలియకుండా.

"ఇంకోటి చూస్కోవచ్చు భీమమ్మా. గిదైతే ఎప్పటికీ ఇక్కడ ఉంటది. నీ పేరు ఉంటది" అన్నాడు కుమారస్వామి.

భీమమ్మ మెడలోంచి దండ తీసి ఆయన చేతికే ఇచ్చింది, జాగ్రత్తగా, పూలు నలగకుండా.

"నేనింకా అయిపోలేదు సారూ" అంది.

బండి కిక్కు కొట్టింది. రెండోసారికి అందుకుంది. హాజిరాబీ ఏమీ అడగకుండా వెనక ఎక్కి కూర్చుంది. జనం దారి ఇవ్వడం మర్చిపోతే భీమమ్మ తన గొంతును హారన్ చేసింది, అప్పుడిచ్చారు.

అరుగు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. మిగతా రాళ్లలో ఒకటి తెచ్చి పెడదామని సంఘంలో ఎవరో అంటే కుమారస్వామి ఒప్పుకోలేదు. లైటు కూడా తీయనివ్వలేదు. చూడటానికి వచ్చినవాళ్లు ఇక్కడేముండాలని అడుగుతుంటే, ఒకరోజు ఆయనే కూర్చుని గోడ మీద రాశాడు.

'భీమమ్మ బండి, తాండూరు. ఇంకా పనిలో ఉంది. చూడాలనుకునేవారు పొద్దున క్వారీల దగ్గరికి వెళ్లగలరు. ఏమీ తినకుండా వెళ్లడం మంచిది.'