గొర్రెలతో గీసిన సున్నా

విమానం ఎక్కి కొంపలు ముంచుకున్నవాళ్లు ఉంటారేమో నాకు తెలియదు. నేలమీద నిలబడి, విమానం వల్ల కొంప ముంచుకున్న ఆడది మాత్రం ఈ జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే. ఎట్లా ముంచుకున్నానో చెబుతాను. నవ్వండి, నాకేం కోపం లేదు. ఆ రోజు నవ్వనివి గొర్రెలే.

మాది పెనుకొండ దగ్గర పల్లె. మా ఆయన పోయాక ఇంట్లో అడిగేదీ నేనే, బదులిచ్చేదీ నేనే. "బువ్వ ఉడికిందేమో చూడు" అని నాకు నేనే చెప్పుకుని, "చూస్తాండా లే, తొందరేముండాది" అని నామీద నేనే విసుక్కునేదాన్ని. పిల్లలు లేరు. పెద్దమ్మా అని పిలిచే నోరు ఒక్కటే, మా చెల్లెలి కూతురు కావేరి. చిన్నప్పుడు నా చంక దిగకుండా పెరిగింది. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందని సామెత. మా ఇంట్లో ఆ పనిని ఇద్దరం పంచుకున్నాం. ఉట్టికి ఎగరలేనిదాన్ని నేను, ఆకాశానికి ఎగిరేది అది. కర్ణాటకలో ఎక్కడో విమానం నడపడం నేర్చుకుంటోంది.

ఒకనాటి సాయంత్రం ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, రేపు పొద్దున మనూరి మీద పోతాండా."

"ఏ బస్సుకే?"

"బస్సు కాదు, విమానం! హిందూపురం మీద వచ్చి, పెనుకొండ కొండ చూసుకొని, ధర్మవరం జంక్షన్ కాడ తిరుక్కొని మళ్లా మా స్కూలుకే పోవాల."

"దిగవా?"

"దిగేకి లేదు పెద్దమ్మా."

"మరి ఆడ దారెట్ల తెలుస్తాదే? ఆకాశంలో బోర్డులుంటాయా?"

"కొండలు, రైలు పట్టాలు, ఊర్లు గుర్తుపట్టుకుంటా పోవాల."

"పక్కన సారు ఉంటాడు కదా?"

"ఉండడు. అంత దూరం ఒక్కదాన్నే పోయేది ఇదే మొదులు." మళ్లీ తనే అంది. "భయంగా ఉండాది పెద్దమ్మా."

ఒక్కదాన్నే అన్న మాట నా గుండెలో ముల్లులా దిగింది. దాని అర్థం నాకు ఇంకొకరు చెప్పాలా? అంత ఆకాశంలో ఒంటరిగా పోతున్న బిడ్డ కిందికి చూస్తే, తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండవద్దా?

"నేను చేను కాడ నిలబడి చెయ్యి ఊపుతా. చూడు."

"అంత పైనుంచి మనుషులు కనబడరు పెద్దమ్మా."

"కనబడేంత పెద్దగా ఉంటాలే!"

నవ్వింది. ఆ నవ్వే నన్ను చెడగొట్టింది.

మా మరిది ఓబులేసుకు గొర్రెల మంద ఉంది. చీకటితోనే వెళ్లి అడిగాను.

"ఓబులేసూ, ఈ పూట మందను నా చేన్లో నిలుపప్పా."

"ఎరువుకా వదినా?"

"కాదు. విమానానికి."

వాడు నా మొహం కాసేపు చూశాడు. "వదినా, నిన్న కడుపుకు ఏమైనా తిన్న్యావా?"

వాడికేం తెలుసు నా తెలివి! నాది ఎర్రమట్టి చేను, వాడివి తెల్ల గొర్రెలు. నిలబడమంటే గొర్రె నిలబడదు, మేత ఎట్లా పరిస్తే అట్లా నిలబడుతుంది. కాబట్టి శెనక్కాయలు కొట్టేశాక మిగిలిన ఎండు తీగల మేతను చేను నడుమ పెద్ద సున్నాలాగా పరిచాను. మందను తోలాడు. అబ్బ, ఏమి అందం! గొర్రెలన్నీ తలలు వంచుకుని గుండ్రంగా నిలబడ్డాయి. పెనుకొండ కొండ కూడా నా ముందు దిగదుడుపే అనుకున్నాను. నేను సున్నా మధ్యలో నిలబడ్డాను, చేతిలో నా పెళ్లినాటి ఎర్ర ధర్మవరం పట్టుచీర. ఆయన పోయినప్పటి నుంచి అది పెట్టెలోనే ఉంది.

పక్క మల్బరీ తోటలోంచి నారాయణమ్మ తొంగి చూసింది.

"ఏమక్కా, ఎర్రచీర బయటికొచ్చిండాది? ఇన్నేండ్లకు ఎవరికి చూపీకె?"

"ఆకాశానికి లేవే!"

"ఆకాశం సంగతేమో గాని, ఊరు మాత్రం బాగా చూస్తాండాది."

నిజమే, గట్టు మీద జనం చేరారు. ఎండ ఎక్కింది. విమానం రాలేదు. విమానం ఆలస్యమైతే గొర్రెకేం బాధ? అది మేస్తూనే ఉంది. నా సున్నా ఒక పక్క తెగింది, ఇంకో పక్క పలచబడింది. పున్నమి చంద్రుడు పట్టపగలే అమావాస్యకు నడిచిపోతున్నట్టు ఉంది.

"ఓబులేసూ, గుండ్రంగా నిలపప్పా!"

"బడి పిల్లోల్లా వదినా? మేతైపోయింది, పోతామంటాండాయి!"

సరిగ్గా అప్పుడే హిందూపురం వైపు నుంచి జుయ్‌మని చప్పుడు వచ్చింది. ఇక నాకు ఒళ్లు తెలియలేదు. చేతిలోని చీర మడత విప్పి రెండు చేతులా ఊపుతూ, "కావేరీ! ఈడుండా నేను! ఈడ!" అని అరుస్తూ చేనంతా గెంతాను. గొర్రె కసాయిని నమ్ముతుందంటారు. కసాయిని నమ్మిన ఆ గొర్రెలే నన్ను నమ్మలేదు. విమానానికి చెవి కూడా ఆడించనివి, నన్ను చూసి ప్రాణభయంతో లేచాయి. పెద్ద పొట్టేలు నారాయణమ్మ తోట కంచె దూకింది. మిగిలినవి ఏం చేశాయో మీకు చెప్పాలా?

నేను మాత్రం తల దించలేదు. ఈగంత విమానం నెత్తిమీదుగా ధర్మవరం వైపు పోయి కనుమరుగయ్యేదాకా చీర ఊపుతూ, ఏడుస్తూ, నవ్వుతూ నిలబడ్డాను.

తల దించేసరికి మల్బరీ తోటలో పుల్లలే మిగిలాయి.

"నా పట్టుపురుగులు గూడు కట్టేకి వచ్చిండాయి, పగలూ రాత్రీ ఆకు అడుగుతాండాయి!" నారాయణమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ విమానమొచ్చి మేపుతాదా వాటికి?"

"నేను మేపుతాలేవే! రేపు యాడైనా ఆకు తెచ్చి నేనే మేపుతా. ఇంక తిట్టొద్దు."

ఆ సాయంత్రం ఫోన్ మోగితే పరిగెత్తాను.

"నన్ను చూసినావా?"

"ఏం చూసేది పెద్దమ్మా? ఈడ గాలెక్కువని నన్ను ఎగరనీలే. రేపు పొమ్మన్న్యారు."

"అయితే ఈపొద్దు పోయిందెవరే?"

"ఎవురో పెద్దోళ్లు పోయింటార్లే. రేపు చేను కాడ ఉంటావు కదా?"

"ఉంటానమ్మా. యాడికి పోతా?"

ఎవరో పెద్దోళ్లట! వాళ్ల కోసం నా కన్నీళ్లన్నీ అయిపోయాయి.

మరునాడు నారాయణమ్మ పురుగుల షెడ్డులో ఆకు వేస్తూ చెవి మాత్రం ఆకాశానికి అప్పజెప్పాను. చప్పుడు వినబడగానే ఒక్క అంగలో బయటపడదామని లెక్క. కానీ నారాయణమ్మ ఇంకో మోపు ఆకు తేవడానికి పోతూ, ఈగలు దూరకుండా తలుపు మూసి బయట గడియ వేసిపోయింది. జుయ్‌మని వచ్చింది. తలుపు గుంజాను, రాలేదు. కిటికీకి దోమతెర. "నారాయణమ్మా! ఓ నారాయణమ్మా!" పలికే దిక్కు లేదు. వేలకు వేల పురుగులు కరకర నములుతున్నాయి. ఏం చేసేది? చేతిలో ఉన్న మల్బరీ కొమ్మను పైకెత్తి, నెత్తిమీది రేకులకేసి ఊపాను. చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఊపాను.

ఆ సాయంత్రం కావేరి గొంతు గంతులు వేస్తోంది.

"పెద్దమ్మా, కనబడినావు! చేను నడుమ నిలబడి చెయ్యి ఊపినావు కదా! నిన్ను చూసినాక భయమంతా పోయింది."

నేను రేకుల కింద, దానికి చేను నడుమ కనబడ్డాను!

"ఊపినావు కదా పెద్దమ్మా?"

"ఊపినానే తల్లీ." అది అబద్ధం కాదు. "పైనుంచి ఎట్లుండానే నేను?"

"బాగుండావు పెద్దమ్మా."

ఆ పూట బువ్వ సంగతి అడగడానికి ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు.

అందుకని, ఇదిగో, నలుగురి ముందూ ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట గొర్రెలతో సున్నా గీయను. ఎవరిదో కనుక్కోకుండా ఏ విమానానికీ చెయ్యి ఊపను. చప్పుడు వస్తే వాకిట్లోకి వచ్చి తలెత్తి చూస్తాను, అంతే. అదీ మానమంటారా? అయితే ఆ ఒట్టు ఇంకెవరి చేతనైనా పెట్టించుకోండి.