కన్ను లేని నెమలి

హనీఫ్ ఒకప్పుడు మదనపల్లెలో పేరున్న బోర్డు పెయింటరు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని కాస్తా ఊడ్చేశాయి. ఇప్పుడు టమోటా మండీలో క్రేట్ల మీద వ్యాపారుల పేర్లు రాస్తున్నాడు. పొద్దంతా వంగి వంగి నడుం పట్టేస్తుంది. పోనీ ఇంటికొస్తే ప్రాణం కుదుటపడుతుందా అంటే, ఆ భాగ్యమూ లేదు.

అంతా ఒక జాడీ వల్ల. భార్య మైమూన్ బీ పుంగనూరు పుట్టింటి నుంచి తెచ్చుకున్న పింగాణీ జాడీ అది. తెల్లటి ఒంటి మీద నీలం తీగలు, ఎదురెదురుగా రెండు నెమళ్ళు. ఏటా మామిడికాయ ఊరగాయ అందులోనే పెట్టేది. మొన్న వేసవిలో కోడలు ఫిర్దౌస్ చెయ్యి జారి ముక్కలైంది. మైమూన్ బీ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ రోజుతోనే పోయేది! కోడలితో మాటలే మానేసింది. కొడుకు మోసిన్ కుప్పంలో గ్రానైటు పనికి పోయి ఎప్పుడో గానీ రాడు. అత్తమాట కోడలికి, కోడలిమాట అత్తకి మోసి మోసి హనీఫ్ అలిసిపోయాడు.

సెలవు రోజున అట్టముక్క మీద మిగిలిన రంగులతో ఆ జాడీ బొమ్మ గీశాడు. తీగ తీగా, ఈక ఈకా ఓపికగా దిద్ది భార్య ముందు పెట్టాడు. ఈ బొమ్మతోనైనా ఇంట్లో మాట కలవాలని ఆయన ఆశ.

మైమూన్ బీ చాలాసేపు చూసింది. "బాగుండాది. కానీ ఇది మా జాడీ కాదు," అని మొహం తిప్పుకుంది.

హనీఫ్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

వంటింటి గడపలోంచి ఫిర్దౌస్ మెల్లగా అంది. "మామా, ఆ జాడీ మీద ఒక నెమలికి కన్ను లేదు. మీ అబ్బాయి చిన్నప్పుడు మేకుతో గీకేసినాడంట గదా. అత్తే చెప్పింది నాకు, నవ్వుకుంటా."

మైమూన్ బీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోడలి వైపు తిరిగింది.

"ఆ దినం వాడికి బాగా తగిలినాయిలే దెబ్బలు. యాల ఆడే నిలబడుకున్నావ్? ఈడికొచ్చి సూడు."

ఫిర్దౌస్ వచ్చి అత్త పక్కన కూర్చుంది. హనీఫ్ టర్పెంటైన్ గుడ్డ తీసుకుని నెమలి కన్ను తుడవబోయాడు.

"ఆ నెమలి కాదు, ఎడమది!" అని అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే అరిచారు.